మూడు మాటల పరీక్ష

ఉడకబెట్టిన గుడ్లు సంచీలో సర్ది, పైన శాలువా మడిచి పెడుతోంది జసమాయ. కోడలు సుబానీ టక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆగండత్తయ్యా! శాలువా ఎక్కడుంది? ఇంగ్లీషులో చెప్పండి."

"షాల్... ఎట్ బ్యాగ్."

"ఎట్ కాదు, ఇన్!"

జసమాయకి ఒళ్ళు మండింది. "సంచీలో అన్నా, బల్ల మీదన్నా, గుమ్మం దగ్గరన్నా మన నేపాలీలో చివర ఒక్క 'మా' తగిలిస్తే సరిపోదూ? ఆ తెల్లోళ్ళకి మూడెందుకే, తిన్నదరక్కా?"

"వాళ్ళనే అడుగుదురుగాని, ముందు ఆ ఇంగ్లీషు పరీక్ష పాసవండి. రెండుసార్లు తప్పారు. ఈసారీ తప్పితే ఇంగ్లండు వీసా రాదు. మామయ్య అక్కడ ఇంకో చలికాలం ఒంటరిగా వణకాలి."

జసమాయ శాలువాని సంచీలోకి కుక్కింది. బ్రిటిషు సైన్యంలో గోర్ఖా సిపాయిగా చేసి పింఛను పుచ్చుకున్న ఆమె మొగుడు సర్బధన్ రాయ్ నాలుగేళ్ళుగా ఇంగ్లండులో ఓ గిడ్డంగికి కాపలా కాస్తున్నాడు.

సుబానీ పెరుగు, బియ్యం కలిపి, శుభం జరగాలని అత్త నుదుట టీకా బొట్టు దిద్దింది. తమ ఊరు ధరాన్‌లో బస్సెక్కింది మొదలు కాట్మండులో దిగేదాకా జసమాయ "ఇన్, ఆన్, ఎట్" అని జపం చేస్తూనే ఉంది.

పరీక్ష గదిలో కళ్ళజోడు పిల్ల అడిగింది, "మీవారు ఎక్కడున్నారు?"

జసమాయ కళ్ళు మూసుకుంది. "మై హజ్బెండ్ ఈజ్... ఇన్ ఇంగ్లండ్!"

గంటలో కాగితం చేతికొచ్చింది. పాసు! ఆమె గేటు బయటికి పరిగెత్తి మొగుడికి ఫోను కొట్టింది. రోడ్డవతల టీ బడ్డీలో ఫోను మోగింది.

"ఏమే ముసలీ, గట్టెక్కావా?" అంటూ బెంచీ మీంచి లేచాడు సర్బధన్.

"నువ్వా! ఇంగ్లండులో ఉన్నావని ఇప్పుడే లోపల చెప్పొచ్చాను కదయ్యా! నా చేత అబద్ధమాడించావే!"

"మార్కులేశారా లేదా?"

"వేశారు!"

"మరింకేం? అబద్ధమైనా చక్కగా ఆడావన్నమాట."

నడిరోడ్డు మీదే పకపకా నవ్వింది జసమాయ. నవ్వుతూనే కళ్ళొత్తుకుంది. "ఎన్నాళ్ళుంటావు?" అంది భయంభయంగా.

"వారం సెలవు," అన్నాడతను, టీ గ్లాసు ఆమె చేతిలో పెడుతూ.

అదీ అబద్ధమే. ఉద్యోగం వదిలేసి 2013 నవంబరు 14న వచ్చిన సర్బధన్ రాయ్ మళ్ళీ ఇంగ్లండు తిరిగి వెళ్ళలేదు.