పదేళ్లు పట్టే పని

"ఈ గేమింగ్ మెషీన్ మన కంపెనీ పేరుతో బయటికెళ్లడానికి వీల్లేదు," అంది అక్క.

తమ్ముడు తను తయారుచేసిన నమూనాని ఆమె బల్ల మీంచి తియ్యలేదు. "ఖరీదైన కంప్యూటర్లు అమ్ముకునే మనకి ఆటలాడుకునే కుర్రాళ్లంటే చిన్నచూపు. అంతేగా?"

"వాళ్లు మనల్ని నమ్మడానికే పదేళ్లు పడుతుందిరా. ఈలోగా నష్టాలొస్తే డైరెక్టర్లు నిన్ను పీక్కుతింటారు."

"వాళ్లకి అడ్డుపడ్డానికి చైర్మన్ కుర్చీలో నువ్వున్నావుగా."

అక్క నవ్వింది. "ఆ మాట మా డాక్టరుకి చెప్పు. ఈ ఏడాది గడిస్తే గొప్పంటున్నాడు."

తమ్ముడు మెషీన్‌ని మెల్లగా అట్టపెట్టెలోకి దించాడు.

"సరే అక్కా. వద్దులే."

"అంత తొందరగా ఒప్పేసుకోకురా," అంది అక్క. "ఇంకాసేపు పోట్లాడు."