పన్ను కట్టని బండి

"ఇంక ఈవిడగారి వెనకాల ఊరేగింపుగా వెళ్ళాల్సిందేనా?" అన్నాడు మాల్కమ్, అరచెయ్యి హారన్ మీద ఆనించి.

ముందు ఒకమ్మాయి సైకిలు తొక్కుతోంది. పసుప్పచ్చ కోటు, నెత్తిన హెల్మెట్. అది డెర్బీషైర్ కొండదారి. రెండు పక్కలా రాతి గోడలు, మధ్యలో చాలీచాలని రోడ్డు. పదికి ఇంకా ఐదు నిమిషాలుంది. పదీ ఇరవైకల్లా టౌన్లో వెన్నెముక డాక్టరు దగ్గర ఉండాలి.

ఆ డాక్టరు కోసం ఏడు నెలలు ఆగారు. ఇవాళ తప్పితే మళ్ళీ వరస చివరికి పోవాల్సిందే. భార్య నొప్పికి పళ్ళు బిగబట్టి పడుకోవడం ఇంకో ఏడు నెలలు చూడటం మాల్కమ్ వల్ల కాదు. మనిషికి తొందరుండదా మరి?

"నెమ్మదిగా పోనీ," అంది ఐలీన్. ఎడమ పక్క సీట్లో, తలుపు పిడి గట్టిగా పట్టుకుని కూర్చుంది. కళ్ళు మూసుకునే ఉంది.

"నెమ్మదిగా కాక ఇంకెలా పోతున్నా? గొర్రెలు కూడా మనల్ని దాటిపోతున్నాయి."

ఎదురుగా దూరంలో ఒక వ్యాను వస్తోంది. అది వచ్చేలోగా సైకిల్ని దాటెయ్యొచ్చులే అనుకున్నాడు. అనుకోవడమేమిటి, కారు ముందుకి ఉరికించాడు. సైకిలుకీ కారుకీ ఐదడుగుల ఎడం ఉండాలని చిన్నపిల్లలక్కూడా తెలుసు. అయిదంగుళాలు కూడా లేదు. ఐలీన్ వైపు అద్దం ఆ అమ్మాయి కోటు చేతిని రాసుకుంది. సైకిలు తూలింది. మోచెయ్యి గోడకి గీరుకుని ఎలాగో నిలదొక్కుకుంది పిల్ల.

అక్కడితో పోవచ్చు కదా. నోరుంది చూశారూ, అది ఊరుకోదు. భార్య వైపు కిటికీ దించి, ఆవిడ మీదుగా వంగి అరిచాడు.

"రోడ్డేమన్నా మీ తాత జాగీరనుకున్నావా? ముందు పన్ను కట్టి, ఆనక ఎక్కు రోడ్డు!"

ఐలీన్ కిటికీ మూసుకోలేదు.

అర మైలు పోయేసరికి రోడ్డు తవ్వుతున్నారు. ఎర్రదీపం పెట్టారు. కారు ఆగింది. మాల్కమ్ వేళ్ళతో స్టీరింగ్ మీద దరువేస్తుంటే, తెరిచిన కిటికీ పక్కకి సైకిలొచ్చి ఆగింది.

"పెద్దాయనా, ఇందాక ఏదో పన్నన్నారు," అంది అమ్మాయి రొప్పుతూ. "ఏ పన్నండీ అది?"

"రోడ్డు పన్ను. మేం కడుతుంటే మీరు షికార్లు కొడుతున్నారు," అన్నాడు, ముందుకే చూస్తూ.

"రోడ్డు పన్ను మా ముత్తాతల కాలంలోనే తీసేశారు. ఇప్పుడు మీరు కట్టేది బండి వదిలే పొగకి. నాకూ ఇంటి దగ్గర కారుంది, ఏటా కడుతున్నా. మరి మీరీ బండికి ఎంత కడుతున్నారో చెప్పండి, వింటాను."

మాల్కమ్ ఎర్రదీపం వంక చూశాడు.

"సున్నా," అంది ఐలీన్.

"సున్నానా?"

"ఒక్క పెన్నీ కూడా కట్టక్కర్లేదమ్మా. ఇది నా పేరు మీదున్న బండి. నాలాంటివాళ్ళకి పన్ను మాఫీ."

అప్పుడు చూసింది ఆ అమ్మాయి, వెనక సీట్లో మడిచి పెట్టిన చక్రాల కుర్చీని. ఐలీన్ కాళ్ళ మీద కప్పిన దుప్పటిని. సిగ్గుతో ముఖం ఎర్రబడింది.

"క్షమించండి. నాకు తెలీదు. ఆసుపత్రికి వెళ్తున్నట్టున్నారు, నేనే అనవసరంగా..."

తప్పు చేసింది తను. మోచెయ్యి చీరుకుపోయింది ఆ పిల్లకి. క్షమాపణ కూడా ఆ పిల్లే చెప్తోంది. మాల్కమ్‌కి తల కొట్టేసినట్టయింది.

"ఆ మాట చెప్పాల్సింది నువ్వు కాదమ్మా," అంది ఐలీన్. భర్త వైపు మాత్రం తిరగలేదు. తిట్టినా బావుణ్ణనిపించింది ఆయనకి. నలుగురిలో చెడామడా తిట్టినా ఇంత సిగ్గుగా ఉండేది కాదు.

పచ్చదీపం వెలిగింది. ముందు నువ్వు వెళ్ళు అన్నట్టు మాల్కమ్ చెయ్యి ఊపాడు. అమ్మాయి వెళ్ళింది. టౌను దాకా ఆ సైకిలు వెనకే, చాలా ఎడంగా, నడిపాడు. వెనకున్న కార్లు హారన్లు మోగిస్తూనే ఉన్నాయి. "దిగి తోసుకో తాతా" అని ఎవడో అరిచాడు కూడా. మాల్కమ్ వేగం పెంచలేదు. ఐలీన్ కళ్ళు తెరిచి, దారి పొడుగునా ఆ పసుప్పచ్చ కోటునే చూస్తూ కూర్చుంది.

పదకొండు నిమిషాలు ఆలస్యంగా చేరారు. ఆసుపత్రిలో పేర్లు రాసుకునే బల్ల దగ్గరావిడ గడియారం వంకా, చక్రాల కుర్చీ వంకా చూసి, "సరే, వెళ్ళండి" అంది. మాల్కమ్‌కి ప్రాణం లేచొచ్చింది. కానీ భార్య ముఖంలోకి చూసే ధైర్యం మాత్రం రాలేదు.

డాక్టరు కొత్తవాడు. కుర్రవాడు. "మీ పాత కాగితాలింకా నాకందలేదండీ. వెన్నుకి దెబ్బ ఎలా తగిలిందో మొదట్నుంచీ చెప్పండి," అన్నాడు.

తొమ్మిదేళ్ళుగా ఏ డాక్టరడిగినా ఈ ప్రశ్నకి జవాబు మాల్కమ్‌దే. ఐలీన్‌కి చెప్పే ఓపికుండదు, ఆయనకి చెప్పకుండా ఉండే ఓపికుండదు. చెప్తూ చెప్తూ మధ్యలో బూతుల్లోకి కూడా దిగుతాడు. ఇవాళ మాత్రం టోపీ చేత్తో నలుపుతూ నేల చూపులు చూస్తున్నాడు.

ఐలీనే చెప్పింది.

"సైకిలు మీద పనికెళ్తున్నాను డాక్టర్, వెనకనుంచి ఒక కారాయన మరీ దగ్గరగా రాసుకుంటూ పోయాడు."