బండికేం లేదు

రాయదుర్గం మలుపులో ఒక పెద్దాయన చెయ్యెత్తేసరికి తిరుపతి లారీ ఆపాడు. ఆపకుండా పోదామనే అనుకున్నాడు గానీ, ఆయన రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు మరి!

"యాడికి కాకా?"

"నార్సింగి దాక బిడ్డా. నీ ఎంబడే వస్త."

మాదాపూర్ గుట్టలను పేల్చి, ఆ జాగాలో కంప్యూటర్ ఆఫీసులు కడుతున్న రోజులవి. పేలిన రాళ్ళను నార్సింగికి మోయడం తిరుపతి పని. ఎన్నాళ్ళో ఖాళీగా కూర్చున్నాక దొరికిన కొలువు. బండి మాత్రం బాగా పాతది.

పెద్దాయన ఎక్కి కూర్చున్నాడు. బాచుపల్లి నుంచి వచ్చానన్నాడు. స్టీరింగ్ వంకే చూస్తూ అడిగాడు.

"ఇంతకుముందు ఈ బండి రవీందర్ నడిపేటోడు. ఎరికేనా?"

తిరుపతికి ఎరుకే. బస్సు కోసం నిలబడ్డ ఒక కాలేజీ పిల్ల ఈ బండి కిందే పడి చనిపోయిందనీ, రవీందర్ మీద కేసు నడుస్తోందనీ సైట్లో అందరికీ ఎరుకే.

"స్టీరింగ్ దానంతటదే ఆడింది, చేతుల్నించి గుంజుకపోయిందని ఆ పిల్లగాడు ఏడ్సుకుంట చెప్తున్నడు. ఎవ్వరు నమ్ముతలేరు. బండిని చూసినోళ్ళు బాగనే ఉన్నదని రాసిచ్చిన్రు. నాకు బండ్ల సంగతి తెల్వదు. నువ్వు చెప్పు బిడ్డా. ఆడుతదా?"

ఓహో, రవీందర్ తండ్రన్నమాట! అడగక్కర్లేదు. కళ్ళు లోపలికి పోయి, గడ్డం మాసి, కన్నతండ్రి బాధ మొహం మీదే కనిపిస్తోంది.

ఆడుతుందా అంటే... ఆడకేం! పనిలో చేరిన రోజే తిరుపతి కనిపెట్టాడు. మెల్లగా పోతే బుద్ధిగానే ఉంటుంది. నలభై దాటి ఏ గుంటలోనో పడిందా, ఇక చూసుకో! స్టీరింగ్ గడగడా అటూ ఇటూ కొట్టుకుంటుంది. చాసీ గుర్రంలా ఎగురుతుంది. జాకీ పెట్టి, ముందు చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే టకటకమని చప్పుడు. చక్రాన్ని నిలిపి ఉంచే కింగ్ పిన్ను అరిగిపోయింది. కిందికి దూరి చూస్తే, బరువు మోసే కమాన్ పట్టీ ఒకటి విరిగి ఉంది.

ఆ మాటే బండి యజమాని సేటుకు చెప్పాడు. సేటు ఏమన్నాడు?

"గ్రీజు కొట్టి నడుపు. ఎవడడిగినా బండికేం లేదని చెప్పు. చెప్పవా, తాళాలు ఆడ పెట్టి పో."

పెద్దాయన మళ్ళీ అడిగాడు.

"చెప్పు బిడ్డా, ఆడుతదా?"

"బండికేం లేదు కాకా. మస్తుగున్నది."

"జర తేజ్ పో, చూస్త."

"లోడు మీదున్నది. తేజ్ పోవద్దు."

గుంట కనబడితే చాలు, తిరుపతి ముందే బ్రేకు తొక్కుతున్నాడు. రెండు చేతులతో స్టీరింగ్‌ను బిగబట్టి, కదలనివ్వకుండా నడుపుతున్నాడు.

"చేతులు గట్ల బిగవట్టినవేంది?"

"అలవాటు కాకా."

నార్సింగిలో దిగేముందు పెద్దాయన అతని చెయ్యి పట్టుకున్నాడు.

"నీ పిల్లల మీద ఒట్టేసి చెప్పు. ఒక పిల్లగాని బతుకు బిడ్డా ఇది."

పిల్లల మీద ఒట్టా! ఆ పిల్లల కడుపు నింపేది కూడా ఈ బండే కదా!

"ఒట్టు. బండికేం లేదు."

పెద్దాయన చెయ్యి వదిలేశాడు.

"అంటే, వాడే అబద్ధమాడిండు," అని గొణుక్కుంటూ దిగి వెళ్ళిపోయాడు.

ఛీ, ఎంత పని చేశాను! కొడుకు అబద్ధాలకోరని తండ్రి చేతే అనిపించానే అని తిరుపతి కుమిలిపోయాడు. అయినా నోరు మాత్రం విప్పలేదు.

కొన్నాళ్ళకు తీర్పు వచ్చింది. రవీందర్‌కు శిక్ష పడింది.

మర్నాడే సేటు బండిని షెడ్డుకు తోలించాడు. కింగ్ పిన్నులు కొత్తవి పడ్డాయి, విరిగిన పట్టీ మారింది. పాతవి ఏ తుక్కులో కలిశాయో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఎంత గుంటలో పడినా స్టీరింగ్ జానెడు కూడా కదలదు. అది కదలనప్పుడల్లా తిరుపతి ప్రాణం విలవిల్లాడేది. ఇంట్లో పిల్లలు దగ్గరికొస్తే, వేసిన ఒట్టు గుర్తొచ్చి భయమేసేది.

ఇక తనవల్ల కాలేదు. తాళాలు సేటు ముందు పడేసి, సైట్లో ఆరా తీసి, తిన్నగా నార్సింగిలో రవీందర్ ఇంటికి వెళ్ళాడు. గడపలో రవీందర్ తల్లి మల్లమ్మ కూర్చుని ఉంది.

"అమ్మా, నేను రవీందర్ బండి నడిపినోణ్ణి. మీ ఆయన యాడున్నడు? కాళ్ళు మొక్కి మాఫీ అడగాలె. స్టీరింగ్ ఆడేది. నీ కొడుకు చెప్పిందే నిజం. నేనే ఆయనకు అబద్ధం చెప్పిన. పైకోర్టుకు పోండ్రి, నేనొచ్చి చెప్త."

మల్లమ్మ అయోమయంగా చూసింది.

"మా ఆయన పోయి ఏండ్లయితుంది కొడుకా. నువ్వు ఎవరికి చెప్పినవ్?"

"బాచుపల్లి నుంచి వచ్చిండు గదా, పెద్దాయన..."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆయన కోర్టు కాడ నాతోని మాట్లాడిండు. 'నీ కొడుకు చెప్పేది నిజమైతే, జడ్జి ముందల నేనే నిలబడి ఇడిసిపెట్టుమని అడుగుత' అన్నడు. మల్ల తీర్పు నాడు నన్ను జూసి మొకం తిప్పుకున్నడు. ఎందుకో ఇయ్యాల తెలిసింది."

"ఎవరమ్మా ఆయన?"

"ఆ బండి కింద పడి సచ్చిపోయిన పిల్లకు నాయిన."