ఉన్నది ఉన్నట్టు రాయి

“హెడ్‌లైటు డిమ్ము. రాసేవా?” అన్నాడు బంగార్రాజు.

ఉషారాణి కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. “నాన్నా, ప్లీజ్. మనం స్కూటరు అమ్ముతున్నాం. పోలీస్ రిపోర్ట్ థోడీ హై యే, అన్నీ రాయడానికి?”

“ఉన్నది ఉన్నట్టు రాయి.”

హిందీ మాట్లాడే ఆ రైల్వే ఊళ్లో, లాల్‌ఖదాన్ రోడ్డులో నెట్ సెంటరు అది. గంటకి పదిహేను రూపాయలు, అప్పటికే ముప్పావు గంట అయింది. పాత సామాన్లమ్మే ఆ సైటులో ‘కండిషన్’ అని ఒక గడి ఉంది. లోకమంతా అందులో ‘ఎక్సలెంట్’ అని ఒక్క ముక్క కొట్టేసి చక్కా పోతుంది. బంగార్రాజు అలా పోయే మనిషి కాదు. ఆయన గూడ్సు రైలు డ్రైవరు. డ్యూటీ దిగిన డ్రైవరు ఇంజనులో ఉన్న లోపాలన్నీ షెడ్డు పుస్తకంలో రాసి, సంతకం పెట్టి మరీ ఇంటికెళ్లాలి. ముప్ఫై ఏళ్లుగా అదే అలవాటు. స్కూటరుకి వేరే పద్ధతి ఉంటుందని ఆయనకి తెలీదు.

“రెండు. కుడి అద్దం మసక. ఎనకాల ఏ బండొస్తందో తెలవదు. మూడు. స్పీడు మీటరులో అంకెలు అరిగిపోనాయి. నాలుగు. బండి గోతుల్లోకే లాగుతాది.”

“గోతుల్లోకా?” ఉషారాణికి నవ్వాగలేదు. “ఇలా రాస్తే కౌన్ ఆయేగా, నాన్నా?”

“రాకపోతే మానీ. దాచి అమ్మితే, కొన్నోడు రేపు ఏ లారీ కిందో పడితే ఆ పాపం ఎవుడిదే? నీదా, నాదా?”

ఉషారాణి గోతులు కూడా టైపు చేసింది.

అసలు బండి అమ్మాలని పట్టుబట్టింది తల్లి కనకమహాలక్ష్మి. రెండు నెలల కిందట తఖత్‌పూర్‌లో పెళ్లి చూసుకుని ఇద్దరూ వస్తుంటే, సాయంత్రం పూట, నడిరోడ్డు మీద పడుకున్న గేదె మీదికి బంగార్రాజు బండి ఎక్కించబోయాడు. ఆవిడ వెనక సీటు నుంచి పెట్టిన కేకకి గేదే లేచి తప్పుకుంది. లైటు సరిగ్గా పడటం లేదన్నాడాయన. బల్బు మార్పించాడు. మళ్లీ మార్పించాడు. మెకానిక్కులందరూ దొంగలేనని తిట్టి ఊరుకున్నాడు. ఆ తర్వాత ఒకరోజు బండిని తీసుకెళ్లి తిన్నగా కాలవలో దింపాడు. మోకాలు చీరుకుపోయి కుంటుతూ వచ్చిన మనిషిని చూసి ఆవిడ ఏడ్చేసింది.

“ఆ దిక్కుమాలిన బండి మిమ్మల్ని మింగీసే దాకా ఉంచుతారేటి? అది గుమ్మంలో ఉన్నన్నాళ్లూ నాకు ముద్ద దిగదు. అమ్మీండి!”

రెండు వారాలు ఒక్క ఫోనూ రాలేదు. మూడో వారం, శనివారం సాయంత్రం పృథ్వీ అనే కుర్రాడు వచ్చాడు. వరంగల్ వైపు వాడు, ఇక్కడ బొగ్గు కంపెనీ ఆఫీసులో కొత్తగా చేరాడు.

“మీ యాడ్ చదివి మా రూములో అందరం పడి పడి నవ్వాం అంకుల్. కానీ ఇంత నిజం రాసే మనిషి దగ్గరే కొనాలనిపించింది.”

బంగార్రాజు మురిసిపోయాడు. అంతలో ఫోను మోగింది. ఎనిమిదింటికి కోర్బా గూడ్సుకి డ్యూటీ. కనకమహాలక్ష్మి టిఫిను డబ్బా సర్దడానికి లోపలికి వెళ్లింది.

“నువ్వు ఓ రౌండు తిప్పి చూడు బాబూ. గోతులతో జాగ్రత్త,” అంటూ తాళం ఇచ్చాడు.

పృథ్వీ అరగంట తర్వాత, చీకటి పడ్డాక తిరిగొచ్చాడు. మొహంలో ఇందాకటి నవ్వు లేదు.

“అంకుల్, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీకు ఈ బండి అమ్మడం ఇష్టం లేదు కదా?”

“అదేటి మాట?”

“అద్దం తళతళలాడుతోంది. మీటరులో అంకెలు కొత్తవాటిలా ఉన్నాయి. బండి గీత గీసినట్టు తిన్నగా పోతోంది. లైటు వేసుకుని స్టేషను దాకా వెళ్లొచ్చాను, మా ఆఫీసు జీపు లైటు కూడా దీని ముందు దండగ. ఇలాంటి బండికి అన్ని జబ్బులు ఎందుకు రాశారు?”

డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన కనకమహాలక్ష్మి ఆ మాట విననే విన్నది.

“ఓహో! అదా సంగతి? బండి వదల్లేక పిల్ల చేత అబద్ధాలు రాయించేరా? నేనిక్కడ మీ కోసం భయపడి చస్తంటే మీకు ఆటగా ఉందేటండీ?”

బంగార్రాజు మొహం కందగడ్డ అయింది. “నేను అబద్ధం రాసేనా? షెడ్డోళ్లూ ఈ మధ్య ఇలగే చేస్తన్నారు. ఇంజను లైటు డిమ్మని నేను రాయడం, ‘బాగానే ఉంది’ అని కింద రాసి పంపీడం! అందరికీ కళ్లు నెత్తికెక్కీసినాయి.”

“అయితే మీ ఎదురుగానే చూద్దాం,” అన్నాడు పృథ్వీ. ఉషారాణి వైపు తిరిగి, “మీరు కాస్త ఆ చివర గోడ దగ్గర నిలబడతారా?” అన్నాడు.

“అచ్ఛా, ఠీక్ హై,” అని ఉషారాణి రైల్వే క్వార్టర్ల వరస చివరిదాకా నడిచివెళ్లి, గోడకి ఆనుకుని నిలబడింది. పృథ్వీ బండి స్టార్టు చేసి, హ్యాండిలు అటు తిప్పి లైటు వేశాడు. ఆ పిల్ల పసుపు చున్నీ, చేతికున్న గాజులు, వెనక గోడ మీద ఎవరో రాసిన హిందీ అక్షరాలు అన్నీ తేటగా కనిపించాయి. డ్రైవరు కూతురు కదా, రెండు చేతులూ తల మీదికి ఎత్తి, రైలు ఆపమని చేసే సైగ చేసింది. అంత కోపంలోనూ కనకమహాలక్ష్మికి నవ్వొచ్చింది.

“ఇప్పుడు చెప్పండి అంకుల్.”

బంగార్రాజు డ్యూటీ సంచీ భుజానికి తగిలించుకుని, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని అటు చూశాడు. చాలాసేపు చూశాడు.

“పిల్ల ఇంకా గోడ కాడికి ఎల్లలేదేటి?”