దసరా నాటి సూది

గత్తర, అంటే కలరా, రాకుండా సూది వేస్తున్నారని చాటింపు వినగానే మల్లప్ప జొన్నచేనులో జొరబడ్డాడు. సూది వేసుకుంటే మూడు రోజులు మాంసం, కల్లు ముట్టొద్దట. ఇవాళ చూస్తే దసరా. ఇంట్లో భార్య గోపమ్మ యాట కూర వండుతోంది.

చేను నడుమ ఇంకొకడు నక్కి ఉన్నాడు. దొరలను ఎదిరించే సంఘంలో తిరిగే పర్వతాలు అనే కుర్రాడు, గోపమ్మ అన్న కొడుకు.

"నువ్వు గూడ సూదికే దాక్కున్నవారా?"

"మెల్లగ మామా! డాక్టరెంబడి మిలిటరోళ్లున్నరు. దొరికితే నన్ను కాల్చి పారేస్తరు."

"ఏమన్న తిన్నవా?"

"నిన్నటిసంది మంచినీళ్లే."

అంతలో గట్టు మీది నుంచి పోలీసు పటేలు అరిచాడు. "మల్లప్ప గీ చేన్లకే ఉరికిండు సారూ! లోపలికి పోయి గుంజుకొద్దాం!"

మల్లప్ప ఒక్కసారి యాట కూరను తలచుకుని నిట్టూర్చాడు. అంగీ చేయి పైకి మడుస్తూ గట్టెక్కాడు.

"మీకెందుకు తక్లీఫు? నేనే వస్తున్న. పొడువుండ్రి."

చెయ్యి రుద్దుకుంటూ ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి గోపమ్మ పకపకా నవ్వింది. "మంచిగైంది! ఇగ నీ వంతు కూర ఎవరు తినాలె?"

"గిన్నెల పెట్టు. రొట్టెలు గూడ పెట్టు. పొద్దుగూకంగనే జొన్నచేన్లకు తీస్కపో."

"ఆడెవరున్నరు?"

"నీ అన్న కొడుకు."

గోపమ్మ నవ్వు ఆగిపోయింది. మూలుగు నిండిన నల్లి బొక్కలన్నీ ఏరి గిన్నెలో వేసింది. మల్లప్ప అటు చూడకుండా, జొన్న గటకలోకి మజ్జిగ అడిగాడు.