ఏడో నెల చీర

ఎనిమిదో అంగడి మెట్లు దిగేసరికి బొజ్జన్నకు తల ప్రాణం తోకకు వచ్చింది.

కర్నూలు బజారులో ఎండ నిప్పులు చెరుగుతోంది. పన్నెండు దాటింది. అతని ఒక చేతిలో మిరపకు కొట్టే మందు డబ్బా, ఇంకో చేతిలో స్ప్రేయరుకు కొన్న కొత్త పైపు. ఆ రెండు పనులూ పొద్దున అరగంటలో అయిపోయాయి. కానిదల్లా ఒక్క చీరే. ముందు నడుస్తున్న అతని భార్య మద్దమ్మ అప్పుడే తొమ్మిదో అంగడి కోసం వెతుకుతోంది.

పాతికేళ్ళ కాపురంలో ఆమె చీర కోసం రెండో అంగడి ఎక్కి ఎరగదు. చూపించిన మొదటిదాన్నే చంకన పెట్టుకొని వచ్చే మనిషి. ఈరోజు ఏం పూనిందో!

కోసిగి పక్క పల్లెలో వాళ్ళకు ఎకరన్నర మిరప ఉంది. నీళ్ళకు నలుగురు రైతుల ఉమ్మడి బోరే దిక్కు. ఈరోజు సాయంత్రం వంతు బొజ్జన్నది. ఒంటిగంట బస్సు అందితేనే ఆ వేళకు ఊరు చేరేది. వంతు తప్పితే మళ్ళీ ఐదో రోజే. చేను పూత మీదుంది. ఈ ఎండకు ఐదు రోజులు ఆగుతుందా? పూతంతా రాలి నేలపాలవుతుంది. ఇది మద్దమ్మకు తెలియంది కాదు. చేనుకన్నా చీర ఎక్కువైందా అని అతనికి ఒళ్ళు మండిపోతోంది.

ఇదంతా పక్కింటి గిడ్డమ్మ పెట్టిన చిచ్చు. మొన్న ఆసుపత్రి పనిమీద కర్నూలు వచ్చిపోయిన ఆ మహాతల్లి, గోడ అవతల నిలబడి మద్దమ్మ చెవిలో గంటసేపు ఏదో ఊదింది. ఏ చీరల అంగట్లో ఏం చూసొచ్చిందో గానీ, అంగడి పేరు మాత్రం గుర్తులేదట. ఇంకేముంది, తెల్లారేసరికి మద్దమ్మ పట్టుబట్టి కూర్చుంది.

"ఏడో నెల పిల్లకు పెట్టే చీర. నేనే పోయి చూడల్ల" అంది.

వచ్చే వారం బావమరిది కూతురు రేణుకకు శ్రీమంతం. అత్తగారి వైపు మాట పడటం ఎందుకులే అని బొజ్జన్న సరేనన్నాడు. ఆ సరే అన్న నోటిని ఇప్పుడు తనే తిట్టుకుంటున్నాడు.

మూడో అంగట్లో ఒక నడివయసు మనిషి ఓపిగ్గా ముప్ఫై చీరలు పరిచాడు. మద్దమ్మ ఒక్కదాన్ని ముట్టుకుంటే ఒట్టు. అతని భుజం మీదుగా లోపలికి చూస్తూ, "చూపించేకి ఆడపిల్లలు ఎవురూ లేరా?" అంది.

"చీర నేను కట్టుకోను గదమ్మా! ఎవురు చూపిస్తే ఏముండాది?" అన్నాడాయన, ముఖం మాడ్చుకొని.

ఐదో అంగడి సంగతి చెప్పుకుంటే సిగ్గు. కింద అంతా చూసి, మద్దమ్మ మెట్లవైపు చెయ్యి చూపించి అడిగింది.

"పైన ఇంకా ఉండారా?"

చీరలు మడతపెడుతున్న అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. బొజ్జన్నకు తల కొట్టేసినట్టయింది.

"చీరలు ఉండారా అంటావేందే? ఉండాయా అనల్ల! పల్లెటూరోళ్ళని ఎగతాళి చేస్తాండారు, చూడు" అని పళ్ళు నూరాడు.

మద్దమ్మ వినిపించుకోలేదు. పైకి పోయింది. పైన కూడా నచ్చలేదని ఉత్త చేతులతో దిగింది.

తొమ్మిదో అంగడి ముందుకు వచ్చేసరికి ఫోను మోగింది. బోరులో వాటాదారు బసవరాజ్.

"ఏమప్పా, వస్తాండావా లేదా? నువ్వు రాకుంటే నీళ్ళు నా చేనికి తిప్పుకుంటా."

"వస్తాండా, వస్తాండా! తిప్పొద్దప్పా, నీకు దండం పెడతా."

ఫోను జేబులో వేసి పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు. "ఏం మనిషివే నువ్వు? ఆడ పూత రాలిపోతాంటే నీకు చీరల సోకు గావాల్సొచ్చిందా? ఇదే ఆఖరి అంగడి. ఈడా కాలేదంటే నిన్ను ఈడే ఇడిసిపెట్టి పోతా!"

"పో. చూడకుండా నేను రాను" అంది మద్దమ్మ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీర కోసం ఏడ్చే ఆడదాన్ని బొజ్జన్న ఇదే చూడటం. ఛీ అనుకుంటూనే ఆమె వెనక మెట్లెక్కాడు.

తొమ్మిదోది సందులో చిన్న అంగడి. చీరలు పరిచిన పరుపు వైపు కన్నెత్తి చూడబుద్ధి కాలేదు అతనికి. గుమ్మం దగ్గర స్టూలు మీద వీధివైపు తిరిగి కూలబడ్డాడు. పన్నెండూ ముప్పావు. ఆటో దొరికితే బస్సు ఇంకా అందుతుంది. అంతలో లోపల నుంచి మద్దమ్మ గొంతు వినిపించింది.

"ఇది శానా బాగుండాది. ఇదే చాలు."

మొదటి చీర! తొమ్మిది అంగళ్ళు తిప్పి, తొమ్మిదో దాంట్లో చూపించిన మొదటి చీర! ఏడవాలో నవ్వాలో తెలియలేదు బొజ్జన్నకు. అయితేనేం, పని అయింది. గబగబా లేచి గుమ్మం పక్కనే ఉన్న కౌంటరులో డబ్బు కట్టేశాడు.

"జల్దీ కవర్లో వేసీమ్మా, బస్సు పోతాది" అంటూ, కింద పెట్టిన మందు డబ్బా కోసం వంగాడు.

మద్దమ్మ కవరు తీసుకోలేదు. చీరను రెండు చేతులా ఎత్తి పట్టుకొని, ఎదురుగా ఉన్న పిల్లతో, "ఒడి పట్టు తల్లీ" అంది.

"రేణుక చీర ఆ పిల్ల ఒళ్ళో వేస్తావేందే? నీకేమన్నా మతి..." అంటూ తలెత్తాడు బొజ్జన్న.

నిండు కడుపు మీద కొంగు పరిచి నిలబడిన ఆ పిల్ల, రెండేళ్ళ కిందట మనసైనవాడితో ఇల్లు దాటిన నాడు "సచ్చిపోయింది పో" అని అతను తలస్నానం చేసి నీళ్ళు వదిలేసిన ఒక్కగానొక్క కూతురు.