క్లచ్ తొక్కిన కాలు

పొద్దుటి నుంచి వంగీ లేచీ మెకానిక్‌కి నడుం పట్టేసింది. అయినా తెల్లారేసరికి ఇవ్వాల్సిన కారు ఒకటి మిగిలిపోయింది. ఇంజన్ ఎంత అరిచినా బండి ఎత్తు ఎక్కడం లేదు. పెడల్ నుంచి వచ్చే క్లచ్ వైరు మరీ బిగుసుకుపోయి, క్లచ్ పట్టకుండా జారుతోందని పోల్చుకున్నాడు.

కారు కింద పడుకుని నట్టు వదులు చేస్తుంటే పైన తలుపు తెరుచుకుంది. సీటు కిర్రుమంది. ఎప్పటిలాగే సాయానికి భార్య వచ్చిందనుకున్నాడు.

"క్లచ్ తొక్కవే," అన్నాడు.

వైరు బిగిసింది.

"వదులు."

వదిలింది. ఇంకాస్త సర్ది మళ్ళీ తొక్కమన్నాడు. పని చక్కగా సాగుతోంది గానీ పైనుంచి ఒక్క మాటా లేదు. మధ్యాహ్నం అన్నానికి వెళ్ళలేదని అలిగిందేమో అనుకున్నాడు.

"ఏమయ్యా, ఒక్కడివే ఎవరితో మాట్లాడుతున్నావ్? అన్నం చల్లారిపోతోంది," అంది భార్య, షెడ్డు గుమ్మంలోంచి.

అతని చేతిలో పానా ఆగిపోయింది. కారు కింద నుంచి చూస్తే ఆమె పాదాలు దూరంగా, గడప అవతలే ఉన్నాయి.

"నువ్వు ఇంట్లోకెళ్ళి గడియ పెట్టుకో. నేనొస్తా," అన్నాడు.

ఆమె గొణుక్కుంటూ వెళ్ళింది. గడియ పడిన చప్పుడు విన్నాకే అతను ఊపిరి వదిలాడు.

ఏమీ అనకుండానే, అతని వేళ్ళ మధ్య వైరు మెల్లగా బిగిసింది. ఈసారి వదల్లేదు.